కోచ్ మారిన జట్టులో మొదట కార్నర్లు చూడండి

కోచ్ మారిన జట్టు మొదటి మ్యాచ్ చూడ్డానికి పోతే ఫార్మేషన్, అంటే ఆటగాళ్లు నిలబడే వరస, ఏందని వెతుక్కోవద్దు. 4-4-2 పోయి 4-3-3 వచ్చిందా అనేది పది నిమిషాలు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. తెలిసినా పెద్దగా ఒరిగేదేం లేదు. వాళ్ల మీదికి మొదటి కార్నర్, అంటే గ్రౌండు మూల నుంచి అవతలివాళ్లు కొట్టే కిక్, వచ్చేదాకా ఆగండి. అవతలివాడు జెండా దగ్గర బాల్ పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగే ఆ ఐదారు సెకన్లు డిఫెండర్ల తలకాయలు గమనించండి. ఒకడు బాల్ వైపు చూస్తుంటాడు, ఇంకొకడు తన పక్కనున్న ఎర్రచొక్కాను చూస్తుంటాడు, మూడోవాడు బెంచీ వైపు చూస్తుంటాడు. "ఎవురిదిరా వాడు?" అని ఒక అరుపు. "నా మనిషి కాదన్నా" అని జవాబు వచ్చేలోపు బాల్ గాల్లో ఉంటుంది.

అనంతపురం జిల్లాలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ స్పోర్ట్స్ విలేజ్ పుణ్యాన ఫుట్‌బాల్ పల్లెల దాకా పాకింది. హాస్టల్ జట్లున్నాయి, ఊరి జట్లున్నాయి, ఆడపిల్లల జట్లున్నాయి. ఆట పాకినంత గట్టిగా కోచ్‌లు నిలవరు. పీఈటీ సార్‌కి ట్రాన్స్‌ఫర్ పడుతుంది, బయటి దేశం నుంచి వచ్చిన కోచ్ గడువు అయిపోయి వెళ్లిపోతాడు, బాగా చెప్పే అన్నకు బెంగళూరు నుంచి పిలుపు వస్తుంది. రెండేళ్లకోసారి పిల్లలు కొత్త గొంతుకు అలవాటు పడాల్సిందే.

కొత్త సార్ చెప్పింది అర్థంకాక ఓడిపోయే జట్లు తక్కువ. సగం మంది కొత్త అలవాటులోకి వచ్చి, మిగతా సగం పాతదాంట్లోనే ఉండే ఐదారు వారాల్లో ఓడిపోయే జట్లే ఎక్కువ. పాత పద్ధతి మొత్తంగా పాతదైనా పర్లేదు, కొత్తది మొత్తంగా కొత్తదైనా పర్లేదు. రెండూ కలిస్తేనే గోల్ పడుతుంది. అందుకే ఏది ముందు మార్చాలి, ఏది నెల రోజులు ముట్టుకోకూడదు అన్న వరస ముఖ్యం.

కార్నర్‌తోనే మొదలుపెడదాం, ఎందుకంటే పాత కొత్తల కలగాపులగం అక్కడే కొట్టొచ్చినట్టు కనపడుతుంది. మన జిల్లా జట్లలో ఎక్కువ శాతం నేర్చుకుని వచ్చేది మనిషిని పట్టుకునే పద్ధతి. అవతలి జట్టులో తలతో కొట్టగలిగే ఐదారుగురిని మనవాళ్లు ఐదారుగురు పంచుకుంటారు, ఒకడు దగ్గరి పోస్టు, అంటే కార్నర్ కొట్టే మూల వైపు గోల్ కంబం, పక్కన నిలబడతాడు. చెప్పడం తేలిక, తప్పు జరిగితే ఎవరిదో కూడా వెంటనే తెలుస్తుంది. లైసెన్సు కోర్సు చేసి వచ్చిన కోచ్‌లు చాలామంది దీన్ని తీసేసి జోనల్ పెడతారు. జోనల్ అంటే మనిషిని వదిలేసి స్థలాన్ని కాపాడటం. మామూలు లెక్క ఇలా ఉంటుంది: గోల్ ముందు 5.5 మీటర్ల గీత మీద నలుగురు, వాళ్లలో మొదటివాడు దగ్గరి పోస్టుకు నేరుగా. వాళ్ల ముందు, పెనాల్టీ స్పాట్ చుట్టుపక్కల ముగ్గురు. వీళ్లు పరిగెత్తి వచ్చేవాళ్లకు అడ్డం నిలబడి వేగం తగ్గించాలి. పెనాల్టీ బాక్సు అంచున ఒకడు, చిన్న కార్నర్ (మూల దగ్గరే తమవాడికి ఇచ్చే పాసు) ఆడితే ఉరకడానికి ఒకడు, ముందు సెంటర్ వైపు ఒకడు. పది మంది సరిపోయారు, వెనక కీపర్.

దీంట్లో చెడిపోయే చోటు దాదాపు ఎప్పుడూ ఒకటే, గీత మీది మూడోవాడు. ఐదేళ్లు మనిషిని పట్టుకున్న పిల్లోడు అతను. అవతలి పొడుగోడు వాడి ముందు నుంచి దగ్గరి పోస్టుకు ఉరికితే వీడి కాళ్లు వాటంతటవే వెంటబడతాయి. బుర్రకు జోనల్ తెలుసు, కాళ్లకు తెలీదు. వాడు రెండు మీటర్లు కదిలిన ఖాళీ గోల్‌కు నట్టనడుమ ఉంటుంది. బాల్ అక్కడ పడుతుంది, వెనక నుంచి ఉరికి వచ్చినవాడు ఎవరూ పట్టుకోకుండా ఎగిరి కొడతాడు. మ్యాచ్ అయినాక తిట్లు తినేది మాత్రం కీపర్.

తిరగేసి, జోనల్ నుంచి మనిషిని పట్టుకునే పద్ధతికి మారితే తప్పు ఇంకో రకంగా వస్తుంది. జోనల్‌కు అలవాటైనవాడి కళ్లు బాల్ మీదే ఉంటాయి. వాడు చూపు తిప్పిన అర సెకనులో అవతలివాడు వీపు వెనక్కి జారుకుంటాడు. వీళ్లకు నేర్పాల్సింది నిలబడే కోణం: ఒక భుజం బాల్ వైపు, ఒక భుజం మనిషి వైపు, మోచెయ్యి మడిచి ముంజేతితో వాడు ఉన్నాడో లేదో తెలుసుకుంటూ ఉండటం. చొక్కా పట్టుకుంటే పెనాల్టీ. చెయ్యి తెరిచి ఆనించి ఉంచితే మామూలుగా ఎవరూ విజిల్ వెయ్యరు.

మార్చే పద్ధతి: వారంలో రెండు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు, పన్నెండు కార్నర్లు. మొదటి నాలుగు ఎదురుజట్టు లేకుండా, అదీ కాలితో కాదు, చేత్తో విసరాలి. పిల్లల కార్నర్ కిక్ పదింటిలో నాలుగు సరిగ్గా పడవు, దాంతో డిఫెండర్లకు చేసే పనే ఉండదు. రెండో నాలుగింటికి ఎదురు మనుషులు నడుస్తూ వస్తారు, ఎగరరు. చివరి నాలుగు పూర్తి వేగంతో. సగం ఎడమ నుంచి, సగం కుడి నుంచి. పక్కన ఒకరు పుస్తకంలో ఒక్కటే రాసుకోవాలి: మొదటి టచ్ మనదా, వాళ్లదా. గోల్ పడిందా లేదా అన్నది ప్రాక్టీసులో లెక్కలోకి తీసుకోవద్దు. వరసగా రెండు రోజులు చివరి నాలుగింటిలో మూడు మొదటి టచ్‌లు మనవైతే మ్యాచ్‌లో పెట్టొచ్చు. అంతదాకా పాత సార్ నేర్పిన పద్ధతే ఆడించాలి. కొత్త కోచ్‌కు ఇది చేదుగా ఉంటుంది, తన జట్టు వేరేవాడి కార్నర్ ఆడుతున్నట్టు అనిపిస్తుంది. రెండు మ్యాచ్‌లు ఓర్చుకోవడం మేలు.

అరుపుల సంగతి కూడా ఇక్కడే తేల్చాలి. "నాదే" అనే మాట కీపర్‌కు ఒక్కడికే ఇవ్వండి. మిగతా ఎవరూ ఆ మాట అనకూడదు, అంటే ప్రాక్టీసులో ఒక రౌండు ఉరకాల్సిందే. కీపర్ రానప్పుడు "కొట్టేయ్" అంటాడు. రెండే మాటలు. అంతకన్నా ఎక్కువైతే గాలి శబ్దంలో వినపడవు.

మాటల తికమక కార్నర్ దగ్గర ఆగదు. "లేపు" అనే మాట తీసుకోండి. మన పిల్లలకు చిన్నప్పటి నుంచీ "లేపురా" అంటే బాల్‌ను గట్టిగా పైకి కొట్టి గండం గట్టెక్కించు అని. కొత్త కోచ్ వచ్చి డిఫెన్స్ లైన్ ముందుకు జరపడం నేర్పిస్తాడు. ఆయన ఇంగ్లిష్‌లో "అప్, అప్" అంటాడు, పిల్లలు దాన్ని తెలుగులో "లైన్ లేపు" చేసుకుంటారు, వారం తిరిగేసరికి అది ఉత్త "లేపు" అవుతుంది. మ్యాచ్‌లో కుడి బ్యాక్ "లేపు" అని అరుస్తాడు, లైన్ ముందుకు రమ్మని. కాళ్ల దగ్గర బాల్ పెట్టుకుని తీరిగ్గా చూస్తున్న సెంటర్ బ్యాక్ దాన్ని ఎత్తి అవతలి కీపర్ చేతుల్లోకి కొడతాడు. ఇద్దరిదీ తప్పు లేదు. మలయాళం, బెంగాలీ, హిందీ మాట్లాడే కోచ్ వస్తే ఇలాంటివి పది దొరుకుతాయి. మొదటి వారమే పిల్లల్ని కూర్చోబెట్టి గ్రౌండ్‌లో వాడే పది పన్నెండు మాటలు ఒక అట్ట మీద రాయించి షెడ్డు గోడకు తగిలించాలి. ప్రతి మాటా రెండు మూడు అక్షరాలకు మించకూడదు, ఒక్కో మాటకు ఒకే అర్థం. లైన్ ముందుకు రావాలంటే "జరుగు", కిందికి పోవాలంటే "దిగు", వెనక మనిషి ఉంటే "వీపు", టైముంటే "తిరుగు". ఏ మాటలైనా సరే, పిల్లలు పెట్టుకున్నవైతే నిలుస్తాయి. కోచ్ కూడా అవే నేర్చుకోవాలి. పదిహేను మందికి ఆయన భాష నేర్పేకన్నా ఆయనకు పన్నెండు మాటలు నేర్పడం సులువు.

ఇక లైన్ ఎత్తు, అంటే డిఫెండర్ల వరస గోల్ నుంచి ఎంత ముందుకు వచ్చి నిలబడాలన్నది. పాత కోచ్ నలుగురు బ్యాక్‌లనూ బాక్సు అంచున, అంటే గోల్ నుంచి 16.5 మీటర్ల దగ్గర కూర్చోబెట్టి ఉంటాడు. కొత్తాయన సెంటర్ గీతకు పది పదిహేను మీటర్ల దూరం దాకా రమ్మంటాడు. నలుగురిలో ముగ్గురు వస్తారు. నాలుగోవాడు, సాధారణంగా బాల్‌కు దూరంగా ఉన్న వైపు బ్యాక్, భయానికి రెండు మీటర్లు వెనకే ఉంటాడు. పాసు కొట్టే క్షణంలో ఎదురు ఫార్వర్డ్ మన గోల్‌కు మరీ దగ్గరగా ఉంటే ఆఫ్‌సైడ్, ఆ లెక్క మనవాళ్లలో చివరి నుంచి రెండో మనిషిని బట్టి కాబట్టి, కీపర్ తర్వాత అతనే అందర్నీ ఆన్‌సైడ్ చేస్తాడు. అతనితో సమానంగా ఉన్నా ఆన్‌సైడే. మిగతా ముగ్గురూ చెయ్యెత్తి రెఫరీ వైపు చూస్తూ నిలబడి ఉంటారు, బాల్ వలలో ఉంటుంది.

దీనికి 24 మీటర్ల నైలాన్ తాడు చాలు. ఎనిమిదేసి మీటర్లకు ముడి. నలుగురూ ముళ్ల దగ్గరా, కొసల దగ్గరా పట్టుకుని నిలబడాలి. ఎదురుగా కోచ్ బాల్‌తో కదులుతాడు. కోచ్ వాళ్లకు వీపు చూపిస్తే, లేదా బాల్ వెనక్కి తంతే, నలుగురూ "జరుగు" అని ఐదు మీటర్లు ముందుకు. కోచ్ తల ఎత్తి, కాలు ఊపడానికి తయారైతే "దిగు". తాడు నేలకు జారినా, చెయ్యి గుంజుకుపోయినా ఎవరు తప్పారో చెప్పే అవసరమే ఉండదు. ఎనిమిది నిమిషాలు తాడుతో, వెంటనే ఎనిమిది నిమిషాలు తాడు లేకుండా. పది రోజులు చేయిస్తే నాలుగోవాడి భయం పోతుంది. పోకపోతే అతని వేగం మీద అనుమానం పెట్టుకోవాలి, నిజంగానే వెనక నుంచి పట్టుకోలేనని తెలిసి ఆగుతున్నాడేమో. అలాంటప్పుడు లైన్‌నే ఐదు మీటర్లు దించాలి.

అనంతపురంలో ఇంకొక లెక్కుంది, బయటి కోచ్‌లు మర్చిపోయేది. గాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి ఎట్లా తోస్తుందో రామగిరి కొండల మీది గాలిమరలను అడిగితే చెప్తాయి. ఆ నెలల్లో గ్రౌండు తూర్పు పడమరలుగా ఉంటే ఒక అర్ధభాగమంతా అవతలివాడు కొట్టిన పొడుగు బాల్ మనం లెక్కేసినదానికన్నా ఐదారు మీటర్లు ఎక్కువ పోతుంది, రెండో అర్ధభాగం అదే బాల్ గాల్లో ఆగి ముందే పడుతుంది. గాలి వాళ్ల వైపుంటే లైన్ కిందికి, కీపర్ బాక్సు అంచుకు. గాలి మన వైపుంటే లైన్ పైకి. టాస్ గెలిచినవాళ్లు వైపు కోరుకునేటప్పుడు కెప్టెన్ గుప్పెడు దుమ్ము వదిలి చూడాలి, అంతే. కొత్త కోచ్ లైన్ ఎత్తు నేర్పడం ఆషాఢంలో మొదలుపెడితే పిల్లలకు తప్పు తమదా గాలిదా తెలీక విసుగొస్తుంది. వీలైతే గాలి తగ్గాక, సెప్టెంబర్లో మొదలుపెట్టడం మంచిది.

గోల్ కిక్ సంగతి కొంచెం వేరే. 2019లో రూలు మారినప్పటి నుంచి గోల్ కిక్ బాల్ బాక్సు దాటక్కర్లేదు, మనవాళ్లు బాక్సులోనే అందుకోవచ్చు. దాంతో ప్రతి కొత్త కోచ్‌కూ కీపర్ నుంచి చిన్న పాసులతో ఆటను ముందుకు నడపాలని ఉంటుంది. పచ్చిక మీద బాగుంటుంది. జడ్పీ హైస్కూల్ గ్రౌండులో, గరుసు రాళ్లు తేలిన ఎర్రమట్టి మీద, పది మీటర్ల పాసు రెండుసార్లు గెంతుతుంది. సెంటర్ బ్యాక్ మొదటి టచ్ మోకాలికి తగిలి రెండు మీటర్లు పోతుంది, అక్కడ అవతలి ఫార్వర్డ్ ఉంటాడు. పిల్లోడి టెక్నిక్ తప్పని కోచ్ అంటాడు, గ్రౌండు తప్పని పిల్లోడు అంటాడు. ఈ ఒక్క విషయంలో మా ఓటు పిల్లోడికే. మట్టి గ్రౌండయితే ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లించి, పొద్దున తడి ఆరకముందే రోలర్ తిప్పించండి, రెండు బాక్సుల వరకైనా సరే. బాల్ గాలి కూడా చూసుకోవాలి. రూలు ప్రకారం 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ల దాకా ఉండొచ్చు, పంపు మీటర్‌లో ఇది 8.5 నుంచి 15.6 పీఎస్‌ఐ. గట్టి నేల మీద తొమ్మిది దగ్గర పెడితే గెంతడం తగ్గుతుంది. అంత చేసినా కుదరకపోతే, గోల్ కిక్ పొడుగ్గా కొట్టి రెండో బాల్ (తలలు తగిలి చెదిరి పడే బాల్) కోసం ముగ్గురిని అక్కడ నిలబెట్టడంలో నామోషీ ఏం లేదు.

గాయాల దగ్గరికి వద్దాం. కోచ్ మారిన జట్టులో మూడో వారానికి ఇద్దరు ముగ్గురు తొడ కండరం పట్టుకుని కూర్చుంటారు. దిష్టి తగిలిందనే ఊరివాళ్లూ ఉంటారు, పాత సార్ ఫిట్‌నెస్ చేయించలేదనే కొత్త సార్లూ ఉంటారు. కారణం కూడికలో దొరుకుతుంది. ప్రాక్టీస్ అయిపోయిన ఇరవై ముప్పై నిమిషాలకు ఎంత కష్టమనిపించిందో సున్నా నుంచి పదిలో చెప్పమని ప్రతి ఒక్కర్నీ అడిగి, ఆ అంకెను నిమిషాలతో గుణిస్తే ఆ రోజు ఒంటి మీద పడిన శ్రమ లెక్క వస్తుంది. పాత సార్ వారానికి నాలుగు రోజులు, రోజుకు 80 నిమిషాలు, కష్టం ఐదు అనుకుందాం. వారానికి 1600. కొత్తాయన ఉత్సాహంగా ఆరు రోజులు, 100 నిమిషాలు, కష్టం ఎనిమిదితో మొదలుపెడతాడు. 4800. ఒక్క వారంలో మూడింతలు. పైగా పిల్లలందరూ కొత్త సార్ కంట్లో పడాలని పోటీపడతారు కాబట్టి నొప్పి ఉన్నా నోరు విప్పరు. మొదటి వారం ఒళ్లు పులిసిపోతుంది, రెండో వారం ముంగాలి ఎముక గుంజుతుంది, మూడో వారం హ్యామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనక కండరం.

వారానికి పదిహేను శాతానికి మించకుండా పెంచుకుంటూ పోతే 1600 తర్వాత 1840, ఆ తర్వాత 2100, నాలుగో వారానికి 2400. కోచ్‌కు నత్తనడకలా అనిపిస్తుంది. నాలుగో వారం పదకొండు మందీ నిలబడి ఉండటం ఆయనకే లాభం. అంకె అడిగేటప్పుడు ఒక జాగ్రత్త: వరసలో నిలబెట్టి అడిగితే మొదటివాడు "ఆరు" అంటే పద్దెనిమిది మందీ ఆరే అంటారు. అందర్నీ గోడవైపు తిప్పి, వీపు వెనక వేళ్లు చూపించమనండి. అబద్ధాలు సగం తగ్గుతాయి.

ఎండాకాలం ఈ లెక్కలన్నీ ఇంకా బిగించాలి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఐదు ముప్పావుకు మొదలుపెట్టి ఏడుంబావుకల్లా ముగించాలి. పావుగంటకోసారి నీళ్లు, ఒక్కొక్కరికి చిన్న గ్లాసెడు. అయిపోయాక ఉప్పేసిన మజ్జిగ. ప్రాక్టీసుకు ముందూ వెనకా ఒంటి బరువు చూస్తే ఎవరికి ఎంత నీళ్లు కావాలో తెలిసిపోతుంది, తగ్గిన ప్రతి కిలోకూ లీటరున్నర దాకా మెల్లగా తాగాలి. బూట్లు కూడా చూడండి: ఈ నేలకు పొడుగు స్క్రూ స్టడ్లు (బూటు అడుగున ఉండే మొనలు) పనికిరావు, పొట్టి రబ్బరు స్టడ్లే మంచివి. ఇంకొక మాట, మ్యాచ్ పొద్దున ఉగ్గాని బజ్జీ వద్దు. ఎంత బాగున్నా వద్దు. అరటిపండు, రెండు చెనిక్కాయ ఉండలు చాలు, అవి కూడా ఆటకు గంటన్నర ముందు.

కొత్త కోచ్ రాగానే గెలుపులు మొదలయ్యాయని సంబరపడే జట్లకు ఒక లెక్క. కోచ్‌ను మార్చేది జట్టు అట్టడుగున ఉన్నప్పుడు, ఐదు వరస ఓటముల తర్వాత. ఆ ఐదింటిలో రెండు పోస్టుకు తగిలి పోయినవో, చివరి నిమిషంలో పోయినవో ఉంటాయి. ఎవరొచ్చినా, ఎవరూ రాకపోయినా, ఆరోది గెలిచే అవకాశం మామూలుగానే ఎక్కువ. మొదటి మూడు ఫలితాలు చూసి కోచ్‌ను నెత్తికెత్తుకోవద్దు, కిందపడెయ్యొద్దు.

నిదానంగా కట్టుకోవడం ఎట్లుంటుందో తెలుగువాళ్లకు దగ్గర్లోనే కనిపించింది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019-20 ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లో చివరి స్థానంలో నిలిచింది. కోచ్ ఫిల్ బ్రౌన్‌ను సీజన్ మధ్యలో, 2020 జనవరిలో పంపేశారు. తర్వాతి సీజన్‌కు అనుకున్న ఆల్బర్ట్ రోకా ఆగస్టులో బార్సిలోనా వెళ్లిపోయాడు. అప్పటికప్పుడు మనోలో మార్కెజ్ వచ్చాడు. వచ్చిన ఏడాది ఐదో స్థానం, రెండో ఏడాది కప్పు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1 అయి పెనాల్టీలకు పోతే కీపర్ కట్టిమణి నిలబెట్టాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్ర ఫుల్‌బ్యాక్‌లను (అంచుల్లో ఆడే డిఫెండర్లను) మార్కెజ్ వరసగా ఆడిస్తూ పోయాడు, వారానికొకర్ని మార్చలేదు. జిల్లా జట్లు తీసుకోదగ్గది ఆ వరసగా ఆడించడమే.

తక్కువ రోజులున్న కోచ్ ఏం పట్టుకోవాలో చూడాలంటే ఇండియా జట్టు ఉంది. ఖాలిద్ జమీల్ 2025 ఆగస్టులో బాధ్యత తీసుకుని నెల తిరక్కుండానే మధ్య ఆసియా ఫుట్‌బాల్ సంఘం వాళ్ల కాఫా నేషన్స్ కప్ ఆడించాడు. తజికిస్తాన్ మీద 2-1తో గెలిచిన మొదటి మ్యాచ్‌లో రెండు గోల్సూ కొట్టింది సెంటర్ బ్యాక్‌లే, అన్వర్ అలీ, సందేశ్ ఝింగన్, అదీ మొదటి పావుగంటలోనే. సెంటర్ బ్యాక్‌లు అవతలి గోల్ ముందుకు పోయేది ఎక్కువగా కార్నర్, ఫ్రీకిక్, పొడుగు త్రో లాంటివి దొరికినప్పుడే, ఆట తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

పాత కోచ్ వేసిన పునాది ఆయన పోయినా కొంతకాలం మోస్తుంది. 1950 నుంచి ఇండియాను నడిపించి, 1962 జకార్తాలో ఆసియా క్రీడల బంగారం తెచ్చిన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ 1963 జూన్‌లో కన్నుమూశారు. మరుసటి ఏడాది హ్యారీ రైట్ కోచ్‌గా అదే తరం ఆసియా కప్‌లో రెండో స్థానం తెచ్చింది. కొత్తగా వచ్చినవాళ్లు పాత పునాదిని తవ్వే తొందర పడకూడదని ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకుంటే చాలు.

మనుషుల విషయానికొస్తే, కెప్టెన్‌ను మొదటి నెల మార్చొద్దు. కొత్త కోచ్ తన వెంట ఇద్దరు ఆటగాళ్లను తెచ్చుకుంటే వాళ్లను మొదటి రెండు మ్యాచ్‌లు బెంచీ మీదే ఉంచాలి, లేకపోతే వాళ్లకు పాసులు రావు. ఇది చూసినవాళ్లకు తెలుస్తుంది: ఖాళీగా చెయ్యెత్తి నిలబడ్డవాణ్ణి వదిలేసి పక్కవాడికి పాసు పోతుంటుంది, పదింటికి తొమ్మిది సార్లు. పాత సార్ దగ్గర ఎప్పుడూ ఆడనివాడు ఈ వారాల్లో అందరికన్నా ఎక్కువ ఉరుకుతాడు, వాడిలో నిజంగా సరుకుందా లేక కొత్త ఉత్సాహమా అన్నది ఐదో వారానికి గానీ తెలీదు. "పాత సార్ అయితేనా..." అనే మాట సీనియర్ నోటి నుంచి వస్తే అందరి ముందూ కోప్పడితే పని చెడుతుంది. పక్కకు తీసుకుపోయి, పాత సార్ ఏం చేసేవాడో పూర్తిగా చెప్పమని అడగాలి. చాలాసార్లు పనికొచ్చేదే చెప్తాడు. ఆడపిల్లల జట్టయితే, కోచ్ మారినా వెంట ఉండే మహిళా అసిస్టెంటును మాత్రం మార్చకూడదు. ఇంట్లోవాళ్లు పంపేది ఆమె ముఖం చూసి. ఆమె కూడా మారితే వారంలో నలుగురు ఆగిపోతారు.

పాత కోచ్ ఊళ్లోనే ఉంటే ఇంకొక తలనొప్పి. సాయంత్రం టీ కొట్టు దగ్గర పిల్లలు కనపడతారు, "ఏం చేపిస్తాండాడురా మీ కొత్త సారు?" అని మొదలవుతుంది. ఆయన్ను దూరం పెట్టడం చేతకాదు, పెట్టినా ఫోన్లున్నాయి. మొదటి వారమే ఇద్దరు కోచ్‌లనూ ఒకచోట కూర్చోబెట్టి పుస్తకం అప్పగించే పని చేయించడం మేలు. అందులో ఉండాల్సింది: ఎవరికి ఏ కాలు బలం, ఎవరికి పాత గాయం ఉంది, అది ఏ నెలలో వచ్చింది, పెనాల్టీ ఎవరు కొడతారు, ఫ్రీకిక్ గోడ ఎవరు నిలబెడతారు, ఎవరు అరిస్తే ముడుచుకుపోతారు, ఎవరు అరిస్తేగానీ కదలరు. రంజాన్ ఉపవాసం ఉండేవాళ్లు ఎవరు, వాళ్ల ప్రాక్టీస్ టైం ఎట్లా మారుస్తున్నారు. చెనిక్కాయ పీకే రోజుల్లో ఇంటి చేను పనికి పోక తప్పని పిల్లలు ఎవరు. చివరి పేజీలో పరీక్షల తేదీలు. ఇంటర్ పరీక్షలు దగ్గరపడే నెలల్లో జట్టులో ఐదారుగురు వారానికి రెండు రోజులకు మించి రారు. బయటి నుంచి వచ్చిన కోచ్‌కు ఆ సంగతి ముందే తెలియకపోతే, సరిగ్గా అప్పుడే వాళ్ల పేర్లు లిస్టులోంచి కొట్టేస్తాడు.